వాలుగట్టు మీద నాన్న నడక

మా అమ్మ మోకాళ్ళకి రాసుకోవడానికి కొబ్బరినూనెలో హారతి కర్పూరం చిదిపి వేసి, గిన్నెని సన్నటి సెగ మీద పెట్టినప్పుడల్లా, అమలాపురంలో రెండో అంతస్తులో ఉన్న మా ఇంటి వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి నేను బడిపిల్లల ఇంగ్లీషు పేపర్లు దిద్దుకునే బల్ల దాకా ఆ వాసన నడిచి వస్తుంది. నడిచి అని ఊరికే అనలేదు. మిగతా వాసనలు గుప్పుమంటాయి. ఇది మాత్రం ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు తేలిగ్గా వేసుకుంటూ, మధ్యలో ఓసారి ఆగి ఊపిరి పీల్చుకుని మరీ వస్తుంది, ఎందుకంటే నా లెక్కలో అది మా నాన్న కుడికాలి వాసన.

నాన్న దింపు మనిషి. కొబ్బరిచెట్టెక్కి గెలలు కోసి కిందికి దించే పనిని మా కోనసీమలో దింపు అంటారు. అంబాజీపేటకి కూతవేటు దూరంలో ఉన్న మా ఊళ్ళో, పొద్దున్నే చద్దన్నంలోకి మాగాయ టెంక చీకుతూ నాలుగు ముద్దలు తిని, పాదాలకి తగిలించుకునే తాడుచుట్ట భుజాన వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని ఆయన బయల్దేరితే, ఏ తోటలో ఉన్నాడో కాయలు పడే చప్పుడుని బట్టి నేను ఇంట్లోంచే చెప్పేసేదాన్ని. తడిగడ్డిలో పడితే దబ్బుమనేది, చెట్ల వరసల మధ్య బోదె నీళ్ళలో పడితే బుడుంగుమనేది, ఒక కాయ మీద ఇంకో కాయ పడితే మద్దెల వాయించినట్టు ఠంగుమనేది. చెట్టు మీదున్న నాన్నని కింద నించుని చూస్తే ఆకాశానికి రెండు అరికాళ్ళు మొలిచినట్టుండేది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి నిండా చెమటా, ఎండు పొట్టూ, లేతకొబ్బరి నీళ్ళూ కలిసిపోయిన ఒక తియ్యటి మురికి వాసన ఉండేది. చేతిలో నా కోసం ఒక బొండం ఉండేది, అడిగినా ఒకటే, అడక్కపోయినా ఒకటే.

నేను ఏడో తరగతిలో ఉండగా, వినాయక చవితికి ముందురోజు, వాన వెలిసిన మధ్యాహ్నం ఆయన చెట్టు మీంచి పడిపోయేడు. పండగ కాబట్టి ఊరందరికీ కాయలు కావాలి, వాన కాబట్టి చెట్లన్నీ నాచు పట్టి జారుతున్నాయి. అమ్మ అరుగు మీద కూర్చుని పనసాకులతో, పిండి పోసి ఉడికించే పొట్టిక్కబుట్టలు కుడుతోంది, నేను పక్కన కూర్చుని పుల్లలు విరిచి అందిస్తున్నాను. నాన్నని నులకమంచం మీద మోసుకొచ్చేరు. కుట్టిన బుట్టలు అరుగు మీదే ఎండిపోయాయి, ఆ చవితికి మా ఇంటి వినాయకుడికి పక్కింటివాళ్ళు పంపిన రెండు కుడుములే నైవేద్యం. ఎముకల కట్టు కట్టే ఆయన వచ్చి కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు పెట్టి కట్టి, దీపావళి దాటేక విప్పితే, నాన్న కుడికాలు ఎడమకాలికంటే బొటనవేలు మందాన పొట్టిదై బయటికొచ్చింది.

అప్పట్నించీ మా ఇంట్లో ఒక మాట నిషేధం. దాని చుట్టాలు కూడా నిషేధమే. ఎవరైనా కుంటిసాకు చెప్పేరని అనాలంటే అమ్మ ముందు అనకూడదు. ఆడపిల్లలం వీధిలో గళ్ళు గీసుకుని ఒంటికాలి మీద గెంతే ఆటని మా ఊళ్ళో కుంటుడుబిళ్ళ అనేవాళ్ళు. నేను దాన్ని తొక్కుడుబిళ్ళ చేసేసేను. స్నేహితురాళ్ళు నన్ను పట్నం పిల్లనని వెక్కిరించినా మార్చలేదు. ఇంటి ముందు గీసిన గళ్ళు మాత్రం చెరిపేసి రెండిళ్ళ అవతల గీసుకున్నాను.

తెలుగులో అంత జాగ్రత్తగా కాపలా కాసుకుంటే, ఆ మాట ఇంగ్లీషులో దొడ్డిదారిన వచ్చింది.

ఎనిమిదో తరగతిలో మా ఇంగ్లీషు మాస్టారు సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా జేబులో రెండు పెన్నులతో ఉండేవారు. ఆయన ఇంగ్లీషు పరిగెత్తేది, మా ఇంగ్లీషు ఎలా ఉండేదో చెప్పాలంటే నిషిద్ధ పదం వాడాలి. ఒకరోజు నల్లబల్ల మీద నడకకి సంబంధించిన మాటలు రాసేరు. స్ట్రోల్, మార్చ్, వేడ్, స్టాగర్, లింప్. రాసి, "డిక్షనరీ నా దగ్గర ఒక్కటే ఉందర్రా, అది ఇవ్వను. ఊరు మీకు మొత్తం ఇచ్చేస్తున్నాను. ఒక్కో మాటకి ఊళ్ళో ఒక్కో నడక వెతికి పట్టుకుని, వాక్యం రాసుకుని రండి" అన్నారు.

రెండ్రోజులు ఊరంతా మా కంటికి కాళ్ళే. పాత మునసబుగారు భోజనం చేసి చేతులు వెనక్కి కట్టుకుని చుట్ట పొగ ముందు నడుస్తుంటే వెనక తను నడిచేవారు, అది స్ట్రోల్. కోతలైన చేలల్లోకి బాతుల్ని తోలుకొచ్చే ఆయన మోకాలిలోతు నీళ్ళని కాళ్ళతో దున్నుకుంటూ పోయేవాడు, అది వేడ్. కల్లుపాక దగ్గర సాయంత్రం కాసేపు నిలబడితే స్టాగర్ ఒకటి కాదు, ఎంచుకోవాల్సి వచ్చేది. మార్చ్‌కి మా హెడ్మాస్టరుగారి భార్య చేపలబజారుకి వెళ్ళడం సరిపోయింది. చివరి మాటకి ఊరంతా వెతకనక్కర్లేదు. ఆ సంగతి తరగతిలో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ నావైపు చూడలేదు. అందరూ చూడకపోవడం కూడా తెలుస్తుంది.

మా మేక లింపుతుంది అని రాసేను.

మాస్టారు నా పుస్తకం చేతిలోకి తీసుకుని, "మేక ఎవరిదమ్మా?" అన్నారు.

"మాదేనండి."

"మీకు మేక లేదు కదమ్మా" అని, మరుక్షణంలోనే ఏదో పొరపాటు చేసినవారిలా తల దించుకుని, ఎర్రపెన్నుతో మిగతా వాక్యాలకి పెట్టినదానికంటే పెద్ద టిక్కు పెట్టేరు. ఆ టిక్కు మీదే నేను రెండేళ్ళు సిగ్గుపడ్డాను.

ఆ ఏడాది దసరా అయ్యేక గల్ఫు ఏజెంటుగారు మా ఇంటికి వచ్చేరు. మా వీధిలో గల్ఫుకి మనిషిని పంపని ఇల్లు వెతికితేగానీ దొరికేది కాదు. ఒక ఇంట్లో పులిబొమ్మ దుప్పటి, ఒక ఇంట్లో రెండు గుండ్రాల టేప్‌రికార్డరు, పెళ్ళిళ్ళలో మనిషికంటే ముందు గుమ్మం దాటి వచ్చే అత్తరు, అన్నీ సముద్రం అవతలివే. నాన్న ఏడాదిగా అరుగు మీద కూర్చుని తాళ్ళు పేనుతున్నాడు. అమ్మ కొబ్బరిపీచు మిల్లుకి వెళ్ళి దుమ్ము దగ్గుకుంటూ వస్తోంది. ఏజెంటుగారు మా కుర్చీలో సగం మాత్రమే కూర్చుని, ఎంతో మర్యాదగా చెప్పేరు.

"మస్కట్‌లో కంపెనీ క్యాంపండి. వంటపని. కూర్చుని ఉల్లిపాయలు తరుక్కోవడమేనండి, చెట్లూ గిట్లూ ఏం లేవండి ఆయ్. కాకపోతే మెడికలు పాసవ్వాలండి. ముందు రాజమండ్రిలో మా డాక్టరుగారు చూత్తారు. నడక అదీ చూత్తారండి."

"నడక బాగుంటదండి" అంది అమ్మ, నాన్న కంటే ముందు.

నాన్న అమ్మవైపు చూసేడు. "ఆయ్, నడుత్తానండి" అన్నాడు.

నెలరోజుల గడువు. మర్నాటి నించీ నాన్న నడక నేర్చుకోవడం మొదలుపెట్టేడు. కాలువ గట్టు పైన నడిస్తే మా ఊరి మర్యాదతో చచ్చే చావు. సైకిలు మీద పోయే ప్రతివాడూ దిగి, "ఏవండీ, ఎక్కడికండీ, కాలెలా ఉందండీ" అని అడుగుతాడు. అడిగేక చెప్పకపోతే బాగుండదు. చెప్తే సంగతి బయటపడుతుంది. అందుకని గట్టుకి, నీళ్ళకి మధ్య వాలులో, ఆడవాళ్ళు బిందెలతో నడిచి నడిచి పడిన సన్నటి బాట ఎంచుకున్నాం. అక్కడ నడిస్తే పైనుంచి తల మాత్రమే కనిపిస్తుంది. తలతో ఎవరూ కుంటరు కదా.

అమ్మ అక్కడ కూడా భక్తి వదల్లేదు. "గోదారి నీళ్ళే కదండీ. ప్రదక్షిణంలా కాలవని కుడిచేతి వైపు పెట్టుకుని తిరగండి, ఆ తల్లే నడిపిత్తది" అంది. కింది చివర తాటిపట్టె వంతెన, పై చివర కాలువ నీటిని ఆపే తలుపుల లాకు. ఇటు గట్టు వెంట వెళ్ళి, దాటి, అటు గట్టు వెంట వస్తే ఒక చుట్టు. నా పని నోటుబుక్కు పట్టుకుని వెనక నడుస్తూ, ఒరిగిన అడుగుకి ఇంటూ, సమంగా పడిన అడుగుకి టిక్కూ పెట్టడం. మొదటి రెండు రోజులూ పేజీ నిండా ఇంటూలే. నాన్న అంతకుముందెన్నడూ అంతలా ఒరగలేదు. మూడోరోజు బాటకి అడ్డంగా ఎవరిదో గేదె పడుకుని లేవకపోతే, వెనక్కి తిరిగి రెండోవైపునించి బయల్దేరాం. కాలువ ఎడమకి వచ్చింది. నాన్న గట్టు మీద తాడు పట్టి లాగినట్టు, తిన్నగా, చెట్టెక్కే రోజుల్లోలా నడిచేడు.

"చూత్తన్నావా అమ్మడూ? ఒరుగుతన్నానా?"

"లేదు నాన్నా! టిక్కు! టిక్కు!"

అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే ఎంత తేలికైన లెక్క. వాలులో ఎగువన పడే కాలు పొట్టిదైతే రెండు కాళ్ళూ సమానమవుతాయి. గట్టు మారినా కాలువ ఎడమవైపే ఉంటుంది కాబట్టి చుట్టంతా సమానమే. కానీ లెక్కల్లో నేను ఎప్పుడూ ఇంగ్లీషు విద్యార్థిని. మా ఇంట్లో తేలిన విషయం వేరు. గోదారి తల్లికి అప్రదక్షిణం ఇష్టమైంది. అమ్మ రోజూ వంగి, నీళ్ళు తాకి కళ్ళకద్దుకుని, "తప్పు కాయమ్మా, తిరగేసి తిరుగుతున్నాం" అని క్షమాపణ చెప్పుకుని మరీ బయల్దేరేది. లాకు మీద చదునుగా ఉన్నచోట నాన్న మళ్ళీ ఒరిగేవాడు. "లాకు మీద అందరూ అలాగే నడుత్తారులే" అనేది అమ్మ, అలాంటి సాకుని ఏమంటారో మా ఇంట్లో అనకూడదు. ఇంట్లో కూడా ఒరిగేవాడు. "ఇంట్లో తిరగడానికి వీసా ఎందుకులే" అనుకునేవాళ్ళం.

ఆ కార్తీకమాసమంతా అలా గడిచింది. చన్నీళ్ళ స్నానాలు చేసి ఆడవాళ్ళు వదిలిన అరటిదొప్పల దీపాలు కాలువలో మా పక్కనే తేలుతూ వచ్చేవి, తడి మట్టీ, ఆరిపోయిన వత్తీ, నాన్న కాలికి అమ్మ పట్టించిన కర్పూరం నూనే కలిసి ఒకటే వాసన. నాన్న ముందు, నేను వెనక. నా నోటుబుక్కు టిక్కులతో నిండిపోయింది. అంత మంచి మార్కులు నేను ఎవరికీ వేయలేదు, ఇవాళ్టి దాకా.

రాజమండ్రికి నన్ను కూడా తీసుకెళ్ళేరు, కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి. నాన్న పెళ్ళినాటి తెల్లచొక్కా వేసుకున్నాడు. రావులపాలెం వంతెన మీద గోదావరి కనిపించగానే బస్సులో అందరిలాగే చిల్లర విసిరి, దండం పెట్టుకున్నాడు. ఆసుపత్రి మేడ మీద గది. తలుపు తీసిన మరుక్షణం నాకు కనిపించింది నేల. మెరిసే మొజాయిక్ గచ్చు, చెంబుడు నీళ్ళు కుమ్మరిస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయేంత సమంగా ఉంది. అంత సమమైన నేల మేమెప్పుడూ చూడలేదు. నాన్న గుమ్మంలో ఆగి, కొత్త చెట్టుని ఎక్కేముందు చూసుకున్నట్టు, తల కొంచెం వంచి ఆ నేలని ఈ చివరనించి ఆ చివరదాకా చూసుకున్నాడు.

డాక్టరుగారు మంచాయనే. "ఆ గోడదాకా వెళ్ళి రండి" అన్నారు.

నాన్న చేతులు కడుక్కునే తొట్టి పక్కకి, ఆ ఒక్కచోట మాత్రం గచ్చు తూముకేసి కాస్త దిగే అంచుకి జరిగేడు.

"మధ్యలో నడవండి, పరవాలేదు" అన్నారు డాక్టరుగారు.

నాన్న మధ్యలో నడిచేడు. నా చేతిలో నోటుబుక్కు లేదు, అయినా వేళ్ళు లెక్కపెడుతూనే ఉన్నాయి. వెళ్ళేటప్పుడు తొమ్మిది అడుగులు, వచ్చేటప్పుడు తొమ్మిది. పరిగెత్తుకెళ్ళి ఆ గదిని ఒక పక్కకి ఎత్తి పట్టుకోవాలనిపించింది. ఎనిమిదో తరగతి పిల్ల ఎత్తగలిగే గది కాదు. నేను చేయగలిగింది తల దించుకోవడం, అది కూడా మాస్టారి దగ్గర నేర్చుకున్నదే.

బయటికొచ్చేక ఏజెంటుగారు కాగితం నాన్న చేతిలో పెట్టి, "చూద్దాంలెండి. ఇంకో ఛాన్సు రాకపోదండి ఆయ్" అన్నారు. మా వైపు చూద్దాంలెండి అంటే చూడరని అర్థం. ఇది ఏ డిక్షనరీలోనూ లేదు, మాకు ఉగ్గుపాలతో తెలుసు. నాన్న కూడా ఎంతో మర్యాదగా, "ఆయ్, మంచిదండి, మీకు శ్రమిచ్చేం" అన్నాడు.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాక, రెండు మిరపకాయబజ్జీలు పొట్లం విప్పి నా ముందు పెట్టి, కాగితం ఇచ్చేడు. "ఏం రాసేరే అమ్మడూ?"

కొక్కిరిబిక్కిరి రాత. కానీ ఆ ఒక్క వరస మాత్రం, నా కోసమే గుండ్రంగా రాసినట్టుంది. వాక్స్ విత్ ఎ లింప్. నేను లేని మేకకి కట్టబెట్టిన మాట, వెతుక్కుంటూ వచ్చి స్టాంపు వేయించుకుని మరీ నా ఒళ్ళో కూర్చుంది.

"నడుస్తారు అని రాసేరు నాన్నా."

"అంతేనా? చివర ఇదేంటి?"

"లింప్."

"దింపు తెలుసుగానీ ఈ లింపేంటే?" అని నవ్వేడు.

ఊళ్ళో ఒక్కో మాటకి ఒక్కో నడక వెతికి తెచ్చినదాన్ని, ఆ క్షణాన చేతికందిన మాటనే పట్టుకున్నాను. "మెల్లగా అని నాన్నా. మెల్లగా నడుస్తారు అని."

"మెల్లగా నడిత్తే తప్పేంటంట?" అన్నాడు నాన్న. "ఉల్లిపాయలేవన్నా పారిపోతాయా?" అని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చేక అమ్మకి ఆయనే చెప్పేడు, "లింపుగా ఉందంటనే నా నడక. అక్కడ అన్నీ స్పీడుగా ఉండాలంట."

ఆరోజునించీ ఆ మాట మా ఇంట్లో కాపురం పెట్టింది. నాన్నకి వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, దాన్ని ఎంతో మురిపెంగా వాడుకున్నాడు. అన్నం వేడిగా ఉంటే, "లింపుగా తినవే". వాన పడితే, "లింపుగా రండి, బురదుంది". అమ్మ పులుసు మరిగించేటప్పుడు, "సెగ లింపుగా పెట్టు". తెలుగులో నిషేధించిన మాటని ఇంగ్లీషులో మా ముగ్గురం రోజుకి పదిసార్లు అనుకుంటున్నాం, తెలిసి వింటున్నది నేనొక్కతినే. చెప్పడానికి రోజులు దాటిపోయేయి. తర్వాత ఏళ్ళు దాటిపోయేయి.

నాన్నకి అంబాజీపేట కొబ్బరియార్డులో పని దొరికింది. గోనెపట్టా మీద కూర్చుని, ఒక్కో కాయనీ చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూసి, మంచిదీ చెడ్డదీ వేరుచేయడం. లారీలు ఆగి ఉండేవి, ఎండుకొబ్బరి జిడ్డు వాసన రోడ్డు దాకా వచ్చేది. నేను బీయెడ్ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యారియరు పట్టుకెళ్ళినప్పుడు, పాఠాల్లో చదువుకున్న తెలివితో, కాలువగట్టు వాలు రహస్యం ఆయనకి విడమరిచి చెప్పేను. మనం ఎంత పిచ్చివాళ్ళం నాన్నా అని నవ్వేను కూడా.

నాన్న కాయ కొట్టి చూసి పక్కన పెట్టేడు. "చెట్టెక్కేవాణ్ణి. నేల వాలు నాకు తెలీదేంటే?"

"మరి నెలరోజులు ఎందుకు నడిచేవు?"

"నువ్వు టిక్కులు పెడతన్నావు. మీ అమ్మ నవ్వుతంది, నేను పడిపోయేక అదే మొదటిసారి నవ్వడం." ఇంకో కాయ అందుకున్నాడు. "ఆ ఆసుపత్రి గచ్చు కూడా ఓ పక్కకి వాలుంటదేమోనని ఆశపడ్డానే. లేదు."

ఆయన తన అబద్ధం అంత తేలిగ్గా ఒప్పుకున్నాక నాది నేను దాచుకోవడం న్యాయం కాదు. "నాన్నా, అప్పుడు ఆ కాగితంలో మాట..." అని మొదలుపెట్టేను. అప్పుడే లారీ కుర్రాళ్ళు బస్తా ఎత్తబోతున్నారు. నాన్న అటు తిరిగి, "ఒరే, లింపుగా ఎత్తండ్రా, లింపుగా. పగిలిపోతాయి" అని కేకేసేడు. వాళ్ళు "ఆయ్, లింపుగానేనండి" అన్నారు. యార్డంతా ఆ మాట అలవాటైపోయినట్టుంది. నేను క్యారియరు మూత పెట్టుకున్నాను.

ఏం మాట అని ఆయన మళ్ళీ అడగలేదు. నిజంగా తెలీకో, ఇదీ ఆ కాలువగట్టు లాంటి వాలే అని తెలిసో నాకు తెలీదు. అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

ఆ బాట కూడా లేదు. కాలువ రెండు వైపులా రాళ్ళు పేర్చి సిమెంటు గోడ కట్టేరు, గట్టు పైన చదును చేసి రోడ్డేసేరు. తాటిపట్టె వంతెన పోయింది, బాతుల ఆయన పోయేడు, దింపుకి మనుషులు దొరక్క కాయలు వాటంతటవే రాలేదాకా చూస్తున్నారు. సైకిలు దిగి కాలెలా ఉందండీ అని అడిగేవాళ్ళూ లేరు. ఏటా ఎనిమిదో తరగతిలో ఆ పాఠం వస్తుంది. బోర్డు మీద ఆ మాట రాసి, పక్కన సరైన అర్థమే రాస్తాను, వెనక్కి తిరిగేముందు కాసేపు చేతికంటిన సుద్ద తుడుచుకుంటాను. ఊళ్ళోంచి వాక్యం తెమ్మని మాత్రం ఎవరికీ చెప్పను.

ఇవాళ పొద్దున్న కూడా అమ్మ నూనె రాసుకున్న చేతుల్తో గుమ్మం పట్టుకుని నిలబడి, "రాత్రి జల్లు పడింది. మెట్లు తడిగా ఉన్నాయి. లింపుగా దిగమ్మా" అంది.

"ఆయ్" అన్నాను. రెయిలింగు పట్టుకుని, లింపుగా దిగేను.